కోకకోలా అడిగిన గాయని గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సినిమా పేజీలో 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' మీద వ్యాసం చదివాను. సినిమాను మెచ్చుకుంటూనే, అందులో 'మా' రెయినీ అనే నల్లజాతి అమెరికన్ గాయని పొగరుబోతని తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. కృష్ణానగర్‌లో ఉంటూ ఎన్నో ఏళ్లుగా సినిమా పాటలకు కోరస్, ట్రాక్ (అసలు గాయకులు పాడేముందు నమూనాగా పాడి ఉంచేది) పాడుతున్నదాన్ని కనుక ఆమె పక్షాన ఈ ఉత్తరం రాస్తున్నాను.

1927లో షికాగోలోని ఒక రికార్డింగ్ స్టూడియోలో జరిగే కథ అది. చల్లని కోకకోలా తెప్పిస్తే గాని పాడనంటుంది మా రెయినీ. పాటకు ముందు వచ్చే మాటలు నత్తి ఉన్న తన మేనల్లుడే చెప్పాలంటుంది, వాడికి విడిగా డబ్బివ్వాలని పట్టుబడుతుంది. ఆ కుర్రవాడు తడబడ్డ ప్రతిసారీ రికార్డు వృథా అవుతుంటే స్టూడియో యజమాని మండిపడతాడు. ఆమె మాత్రం మెట్టు దిగదు. చివరికి అబ్బాయి గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. అక్కడ నాకు కన్నీళ్లు ఆగలేదు. గొంతు రికార్డులోకి ఎక్కి, కాగితం మీద సంతకం పడేదాకానే తన మాట చెల్లుతుందని ఆమెకు తెలుసు. మేనేజరు తనను ఇంటికి పిలిచింది ఒకే ఒక్కసారి, అదీ అతని స్నేహితుల ముందు పాడడానికేనని ఆమే చెబుతుంది. అలాంటి చోట మర్యాదను పట్టుబట్టి తీసుకోకపోతే ఎవరిస్తారు?

ఆమె బృందంలో ట్రంపెట్ వాయించే లెవీ, స్టూడియో యజమానిని నమ్ముకున్నాడు. అతని గతి చూడండి. అతను రాసిన పాటలకు అయిదేసి డాలర్లు చేతిలో పెట్టి పంపించేశారు. వాటిలో ఒకదాన్ని చివర్లో తెల్లవారి బృందం పాడుతుంది. యజమాని మీద చూపలేని కోపం, బూటు తొక్కిన తోటి వాద్యకారుడి ప్రాణం తీసింది.

నిజజీవితంలోని మా రెయినీ 1923 నుంచి 1928 దాకా పారామౌంట్ అనే రికార్డుల సంస్థకు దాదాపు వంద పాటలు పాడింది. ఆమె పాడే బాణీకి కాలం చెల్లిందని సంస్థ ఆమెను వదిలేసింది.

నల్లజాతివారు పడ్డ అవమానాలతో మా కష్టాలను సమానం చేయను. కానీ ఆ సంతకం కాగితం నాకు బాగా తెలుసు. పాడడం పూర్తయ్యి, ఇంటికి బయలుదేరే వేళ ఇంగ్లిష్‌లో ఉన్న పేజీలు ముందు పెడతారు. చదివే వ్యవధి ఇవ్వరు. ఒకసారి నేను పాడిన ట్రాక్‌నే సినిమాలో ఉంచేశారు. పేరు వేయలేదు, అడిగితే సంతకం చూపించారు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, పాటను వ్యాపారానికి వాడుకుంటే పాడినవారికీ రాయల్టీ హక్కు ఉందంటోంది. మాలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పల్లెల నుంచి వచ్చి యూట్యూబ్ చానళ్లకు జానపదాలు పాడే ఆడపిల్లలకు చెప్పేవారు అసలే లేరు.

రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ఒక నమూనా ఒప్పంద పత్రాన్ని సులభమైన తెలుగులో తయారు చేయించి, స్టూడియోలన్నిటికీ పంపాలని కోరుతున్నాను. మీకూ ఒక విన్నపం. పాటల సమీక్ష వేసేటప్పుడు కోరస్ పాడినవారి పేర్లు కూడా ప్రచురించండి. స్టూడియోవారు ఇవ్వకపోతే మమ్మల్ని అడగండి, మేమే ఇస్తాం.

ఇట్లు,
ఒక కోరస్ గాయని,
కృష్ణానగర్, హైదరాబాద్