మన చేలో ఎండుమిర్చి వచ్చిందిరా!

ఒరేయ్ చిన్నా,

నువ్వెప్పుడో రాసినదానికి ఇప్పుడు జవాబిస్తున్నా, ఏమనుకోకు. కాయల సీజన్‌లో మా ఇంట్లో ఎవరికీ తీరికుండదని నీకు నేను చెప్పక్కర్లేదు. ముందు కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు పర్లేదు, చెల్లి ఎమ్మెస్సీలో చేరింది, శంకర్‌విలాస్ బ్రిడ్జి పడగొట్టారు కదా, బ్రాడీపేట నుంచి పెద్దాసుపత్రి వైపు పోవాలంటే ఊరంతా చుట్టి రావాల్సొస్తోంది, నా ఉద్యోగం అట్టానే ఉంది. అయిపోయాయి కబుర్లు. ఇప్పుడు అసలు సంగతి విను, ఇది ఎవరికైనా చెప్పాలని వారం నుంచి నోరు దురదపెడుతోంది, నీకు తప్ప వేరేవాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

మనం ఆడిన కంప్యూటర్ పొలం ఆట స్టార్‌డ్యూ వ్యాలీలో ఎండుమిర్చి చేయొచ్చురా! నిజంగా! మోడ్ కాదు, అంటే బయటివాళ్ళు చేసి అతికించింది కాదు, ఆటలోనే!

నువ్వు ఆడటం మానేసి చాలా కాలమైంది కాబట్టి మొదట్నుంచీ చెప్తా. కొత్త లాప్‌టాప్ కొన్నా. కొనగానే చేసిన మొదటి పని మన పాత సేవ్ ఫోల్డర్ దాంట్లోకి కాపీ చేసుకోవడం. మన పాతదాంట్లో విండోస్ 32 బిట్ కదా, 2021 నవంబర్‌లో 1.5.5 వెర్షన్ వచ్చినప్పుడు ఆటని ఎక్స్ఎన్ఏ అనే పాత పునాది నుంచి మోనోగేమ్ అనేదాని మీదకి మార్చి 64 బిట్ చేశారు, అది మనదాంట్లో నడవదు, అందుకే మనం ఆ పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయాం. నువ్వు గీసిన గేదె బొమ్మల మోడ్, ఇంకా ఆ పెద్ద మోడ్లన్నీ వేసినప్పుడు ఆట మధ్యలో ఠపీమని మూసుకుపోయేది గుర్తుందా, ర్యామ్ వేయిద్దాం అని నువ్వు ఒకటే గోల. 32 బిట్ ప్రోగ్రామ్ ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోలేదంట, కాబట్టి ఆ డబ్బులు మిగిలాయి మనకి. ఇప్పుడు అన్ని మోడ్లూ వేసి రోజంతా ఆడినా ఎక్కడా ఆగట్లా. వానరోజు బార్న్‌లోంచి బయటికి రాగానే బొమ్మ బిగుసుకుపోయేదే, ఆ జబ్బు కూడా పోయింది. నీ గేదెలు క్షేమం, నల్లగా నిగనిగలాడుతూ మేస్తున్నాయి.

ఇంక అప్‌డేట్ సంగతి. 1.6 వెర్షన్ కంప్యూటర్‌లో 2024 మార్చి 19న వచ్చింది, ఫోన్లకీ కన్సోళ్ళకీ అదే ఏడాది నవంబర్ 4న. అంటే నీ ఫోన్‌లో కూడా ఉందన్నమాట, చూసుకో. దాంట్లో ఏమేం పెట్టారో మొత్తం చెప్తే ఈ ఉత్తరం తెల్లారినా అవదు. కుక్కా పిల్లీ రెండూ పెంచుకోవచ్చు ఇప్పుడు, ఒకదానితో పూర్తిగా మచ్చికైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఒకప్పుడు కుక్క కావాలని నువ్వు, పిల్లి కావాలని నేను, ఆ గొడవకి మెస్‌లో రెండ్రోజులు విడివిడిగా కూర్చున్నాం. పైగా వాటికి టోపీలు కూడా పెట్టొచ్చు! చలికాలంలో ఊళ్ళోవాళ్ళంతా స్వెట్టర్లు వేసుకుంటున్నారు, మయొనేజ్ తాగొచ్చు (నేను తాగాను, అంటే ఆటలో), బయట పొలంలో చలికాలం పండే పంట ఒకటి పెట్టారు, పౌడర్‌మెలన్ అని, ఎడారిలో జాతర పెట్టారు, ఇంకా బోలెడు. సరే, అవన్నీ పక్కన పెట్టు.

డీహైడ్రేటర్, అంటే ఆటలో పండ్లు ఎండబెట్టే మిషన్. అది అసలు విషయం. ఆటలో పియర్ కొట్లో దాని రెసిపీ, అంటే తయారుచేసే పద్ధతి, 10,000 గోల్డు. కొనేశా. మన ఉమ్మడి ఖాతాలోంచే కొన్నా, నువ్వు లేవు కదా అడగడానికి. 30 కట్టెలు, 2 బంకమట్టి, ఒక ఫైర్ క్వార్ట్జ్ ఉంటే ఒక మిషన్ తయారు. ఒకే రకం పండ్లు అయిదు పడేస్తే తెల్లారేసరికి ఎండిపోయి వస్తాయి. ద్రాక్ష వేస్తే కిస్‌మిస్. నేనేమో రేగుపళ్ళూ అవీ వేస్తూ కూర్చున్నా, అప్పుడు తట్టింది, ఈ ఆటలో మిరపకాయ పండు కింద లెక్క కదా! మనం దాన్ని జాడీలో వేస్తే జెల్లీ వచ్చేది, నువ్వు దాన్ని పండుమిర్చి పచ్చడి అని పిలిచి ఆటలో ఊరి మేయర్‌కి, అదే మన ప్రెసిడెంటు గారికి తీసుకెళ్ళి ఇచ్చేవాడివి. మరి డీహైడ్రేటర్‌లో వేస్తే? వేశా. తెల్లారి లేచి చూద్దును కదా, ఎండుమిర్చి!! స్క్రీన్ మీద ఆ పేరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాన్రా. అమెరికావాడు చేసిన ఆటలో, ఎక్కడో లోయలో, మన గుంటూరు సరుకు.

లెక్క చూడు. కాయ మామూలు రేటు 40, అయిదు కాయలు 200. ఎండబెడితే ఆ అయిదూ కలిపి 325. ప్రొఫెషన్ బోనస్, అంటే ఆటలో నైపుణ్యానికి వచ్చే అదనపు ధర, కలపకుండా చెప్తున్నా, మనకి దాని మీద ఇంకా వస్తుంది. కాయకి కాయ చూస్తే జాడీలో జెల్లీయే ఎక్కువ, ఒక్కోటి 130, కానీ జాడీకి ఒక్క కాయే పడుతుంది, రెండు మూడు రోజులు పడుతుంది, ఇదైతే ఒక్క రాత్రిలో అయిదు తినేస్తుంది. మొక్క నాటిన అయిదో రోజు నుంచి మూడు రోజులకోసారి కోత వస్తూనే ఉంటుంది, చేను నిండా మిర్చి వేసినవాడికి జాడీలు ఎన్ని పెడితే సరిపోతాయి చెప్పు? నా మాట విను, చేనుకి డీహైడ్రేటర్, గ్రీన్‌హౌస్‌కి జాడీలు. ఈ విషయంలో నీతో ఎంతసేపైనా వాదిస్తా.

ఇంతలో నాన్న వచ్చాడు. ఆ రాత్రి కళ్ళం దగ్గరకి మావయ్య వెళ్ళాడు, నాన్నకి ఆ పూట సెలవన్నమాట. అన్నం తిని నా వెనకాల నిలబడి, "ఏందిరా అది, కాయల్లా ఉన్నాయి?" అన్నాడు. కాయలే నాన్నా, ఎండబెడుతున్నా అన్నా. ఎప్పుడూ నా కంప్యూటర్ వంక చూడని మనిషి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళు పడుతుంది అన్నాడు. ఒక్క రాత్రి అన్నా. నా వంక చూశాడు. మా కళ్ళంలో రెండు వారాలు పైనే పడుతుంది కదా, పొద్దున పరవాలి, మధ్యలో తిరగేయాలి, సాయంత్రం మంచు పడకుండా కుప్ప చేసి పట్టా కప్పాలి, మళ్ళీ పొద్దున విప్పాలి, గుప్పెడు కాయలు తీసి ఊపితే గింజ గలగల మనేదాకా ఇదే పని. ఆ మిషన్ బయట వానలో ఉంది అప్పుడు, ఆటలో వాన కురుస్తోంది. "వానలో కూడా ఎండుద్దా?" అన్నాడు నాన్న. ఎండుద్ది నాన్నా అన్నా. ఇంక మాట్లాడలా కాసేపు.

నీకు చెప్పలేదు కదా, ఈ ఏడు కళ్ళం మీద కాయలున్నప్పుడే అకాల వాన పడింది. అర్ధరాత్రి. పట్టాలు చాల్లేదు, చెల్లి కూడా వచ్చి తడుస్తూ పట్టా అంచు పట్టుకుని నిలబడింది. ఒక కుప్పకి కింద నుంచి నీళ్ళెక్కాయి, తెల్లారి చూస్తే కాయ రంగు మారిపోయి... సరేలే, అదంతా ఇప్పుడెందుకు. తాలు కింద, అంటే రంగుపోయిన నాసిరకం కింద, పోయింది చాలానే. మిగతావి బాగానే ఉన్నాయి, తేజ రకం కాయలు కొన్ని ఏసీలో, అదే కోల్డ్ స్టోరేజీలో పెట్టాం, రేటు చూసి తీద్దామని.

ఏం చెప్తున్నా? ఆ, నాన్న. కాసేపాగి నాన్న అడిగిన ప్రశ్న విను, "గ్రేడింగ్ ఎవరు చేస్తారు?" అని! నేను కాయల మీద ఉండే నక్షత్రాలు చూపించా, వెండిది, బంగారుది, ఊదారంగుది, ఇవే గ్రేడ్లు నాన్నా, కానీ మిషన్లో ఏ గ్రేడు వేసినా ఎండినదానికి ఒకటే రేటు అన్నా. పచ్చిది ఏ గ్రేడు ఎంత అన్నాడు. మామూలుది 40, వెండి 50, బంగారం 60, ఊదా 80 అన్నా. వేళ్ళమీద లెక్కేశాడురా, నిజంగా వేళ్ళమీద, "80వి అయిదు పచ్చివే అమ్మితే 400 కదా, ఎండబెడితే 325 ఏందిరా, అవి పక్కకి తీయి, మిగతావే వెయ్యి" అన్నాడు. బంగారువి ఎండబెడితే 25 లాభం, ఊదావి ఎండబెడితే 75 నష్టం, నేను అప్పటిదాకా ఈ లెక్క చూడనేలేదు, అన్నీ కలిపి మిషన్లో పడేస్తున్నా! ఇన్నేళ్ళుగా మిర్చి యార్డులో టిక్కీ, అదే మిర్చి బస్తా, కోసి చెయ్యిపెట్టి కాయ చూసి రేటు మాట్లాడే మనిషి, ఆటలో కూడా నిమిషంలో పట్టేశాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో, అమ్మని పిలిచి మరీ చెప్పా.

ఇప్పుడు రోజూ రాత్రి వచ్చి కూర్చుంటున్నాడు. ఆయనకి బాగా నచ్చింది ఆటలో టీవీ, రేపు వానో ఎండో ముందురోజే చెప్పేస్తుంది కదా. మొన్న ఎండాకాలంలో ఆకుపచ్చ వాన అని ఒకటి పడింది, అది కూడా 1.6లో కొత్తదే, ఆకాశమంతా పచ్చగా అయిపోయి రాత్రికి రాత్రి కలుపు మనిషెత్తు పెరిగిపోతుంది, చెట్లకి నాచు పడుతుంది. నాన్న లేచి నిలబడి "మన కాయలు?" అన్నాడు. ఏం కాలేదు నాన్నా, చేను బాగానే ఉంది అని మొక్కలన్నీ తిరిగి ఒక్కొక్కటీ చూపించా. 'మన' అన్నాడ్రా, విన్నావా?

ఇది చేసినవాడెవడని కూడా అడిగాడు. ఎరిక్ బరోన్ అని ఒక్కడే చేశాడు నాన్నా, బొమ్మలు, పాటలు, కథ, అన్నీ, నాలుగేళ్ళకి పైగా పట్టింది, 2016 ఫిబ్రవరిలో వదిలాడు, అప్పట్నుంచీ వచ్చే అప్‌డేట్లకి మళ్ళీ పైసా తీసుకోలా అన్నా. "ఒక్క మనిషా" అని చాలాసేపు అదే అనుకుంటూ ఉన్నాడు. ఏటా కొత్త విత్తనం కొన్నప్పుడల్లా మళ్ళీ డబ్బులే కదా మనవాళ్ళకి, ఆ మాట ఆయన అనలేదు, నాకే అనిపించింది.

ఇప్పుడు అసలు నిన్ను ఎందుకు పీకుతున్నానంటే, కంప్యూటర్‌లో ఇప్పుడు ఎనిమిది మంది కలిసి ఆడొచ్చు, ముందు నలుగురే కదా. మన రూమ్ మొత్తం పడుతుంది. నీ క్యాబిన్ అట్టానే ఉంది, నువ్వు పెట్టిన ఆ దిక్కుమాలిన పసుపు తివాచీ కూడా తీయలేదు. నీ పెట్టెలో ఇంకా ఆ పాత ఫైర్ క్వార్ట్జ్‌లు ఉన్నాయి, వాటితో ఇంకో నాలుగు మిషన్లు అవుతాయి, తీయమంటావా? లేకపోతే నువ్వే వచ్చి చేసుకో. ఆటలో ఊళ్ళో ఉండే షేన్‌కి మిర్చి అంటే ప్రాణం, ప్రెసిడెంటు గారికీ ప్రాణమే, నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఇద్దరికీ కాయలిచ్చే దిక్కు లేదు.

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఇన్వైట్ కోడ్ పంపిస్తా. నాన్న కూడా ఉంటాడు, నిన్ను ఒక మాట అడగాలంట, మీ దగ్గర మిర్చి కిలో ఎంతకి అమ్ముతున్నారో కనుక్కుని రా. ఇంకా ఫిష్ స్మోకర్ అని ఒకటుందిరా, దాంతో చేపలు ఏంచేస్తారంటే... అరె, ఆటో వచ్చేసింది, టిక్కీలు కాటాకి తీసుకెళ్ళాలి, కింద నుంచి అరుస్తున్నారు. శనివారం. మర్చిపోకు.

నీ
పిల్లి పార్టీ