వెనకబడినవాళ్లను కొండమీదే వదిలేసిన మీ నడక గురించి ఫిర్యాదు

విజయవాడ,
3 జనవరి 2026.

మేనేజర్ గారికి,

నమస్కారం. డిసెంబరు 28, ఆదివారం మీ సంస్థ పెట్టిన మంగళగిరి కొండ, కాలువ గట్టు నడకకు మనిషికి 900 రూపాయలు కట్టి వచ్చిన 26 మందిలో నేనూ ఒకదాన్ని. ముందు ఒకరు, వెనక ఒకరు గైడ్లు ఉంటారని, అరవై దాటినవాళ్లూ హాయిగా నడవొచ్చని మీ వాట్సాప్ మెసేజ్‌లో రాశారు. ఆ మాట నమ్మే వచ్చాం. వచ్చింది ఒక్క గైడే.

ఐదున్నరకు బెంజి సర్కిల్ దగ్గర బయల్దేరాల్సిన బస్సు ఆరుంపావుకు వచ్చింది. ధనుర్మాసం, మంచు బాగా ఉంది, ఆలస్యం కావడం సహజమే అనుకుని ఎవరం ఏమీ అనలేదు. పానకాలస్వామి గుడి దాకా మెట్లే కాబట్టి అందరం కలిసే ఎక్కాం. దర్శనం చేసుకుని, పానకం తాగి, పైనున్న గండాలయం వైపు కదిలాక అసలు ఇబ్బంది మొదలైంది. ఆలస్యమైన ముప్పావు గంటను మీ గైడ్ ఆ రాళ్ల దారిలో పూడ్చుకోవాలనుకున్నారు. వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు వెళ్లిపోయారు.

మాతో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. వయసు 63. దిగేటప్పుడు ఆవిడ కుడి మోకాలు పట్టేసింది. ఒక బండ మీద కూర్చోబెట్టి, నా చున్నీ మోకాలికి బిగించి కట్టాను. నా సీసాలో మిగిలింది రెండు గుక్కల నీళ్లు. అప్పటికే ఒక కోతి ఆవిడ సంచి లాక్కుపోయింది, బీపీ మాత్ర అందులోనే ఉంది. గైడ్‌కి ఫోన్ చేస్తే, "మెల్లగా వచ్చేయండి మేడమ్, కింద టీ కొట్టు దగ్గరే ఉంటాం" అన్నారు. "నా వల్ల నీకూ ఆలస్యమవుతోందమ్మా, నువ్వు వెళ్లు" అని ఆవిడ నాలుగుసార్లు అన్నారు. ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, గాజు నొక్కుకున్న గుర్తు సాయంత్రం దాకా పోలేదు. దిగడానికి గంట పట్టింది. టీ కొట్టు దగ్గర ఎవరూ లేరు. అందరినీ బస్సెక్కించుకుని కాలువ గట్టు నడకకు రేవేంద్రపాడు వెళ్లిపోయారు. మేం 300 పెట్టి ఆటోలో వెళ్లి కలిశాం. "వచ్చేశారా" అన్న ఒక్క మాట తప్ప మీ గైడ్ ఇంకేమీ అనలేదు. ఆ పెద్దావిడను బస్సులో కూర్చోబెట్టి నేను నడిచాను.

కాలువ గట్టు నడక నిజంగా బాగుంది. నీటి మీద మంచు ఇంకా విడలేదు, జమ్ములో కొంగలు. సీతానగరం దగ్గర కృష్ణ నుంచి విడిపోయి వచ్చే ఈ కాలువల మీదే ఒకప్పుడు మద్రాసు దాకా పడవలు వెళ్లేవి. చరిత్ర చెబుతామన్నారు కదా, ఆ ఒక్క ముక్కయినా గైడ్ చెప్పి ఉంటే బాగుండేది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తర్వాత జరిగింది. టైమ్ చాలట్లేదని, బస్సు ఆగిన రోడ్డుకి దగ్గర దారంటూ మమ్మల్ని గట్టు దింపి పొలంలో నడిపించారు. అది ఖాళీ పొలం కాదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లిన మినుము, కొయ్యకాళ్ల మధ్య మూడేసి ఆకులతో మొలిచి ఉంది. మళ్లీ నీళ్లు పెట్టకుండా, నేలలో మిగిలిన తేమతో, ఈ మంచుతో పెరిగే పంట అది. వంగి చూస్తే నా బూటు కింద నాలుగు మొక్కలు మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి. రైతు పరుగెత్తుకొచ్చి, "గట్టు మీద నడవండమ్మా, చల్లి పన్నెండు రోజులే అయింది" అన్నారు. మీ గైడ్ ఆయనకు జవాబు కూడా చెప్పలేదు. నేను చేతులు జోడించి క్షమించమని అడిగాను, కానీ అడగాల్సింది నేను కాదు.

గైడ్ కుర్రాడి ఉద్యోగం తీసేయమని నేను రాయడం లేదు. 26 మందికి ఒక్కడినే పంపింది మీరు. అతని దగ్గర ప్రథమ చికిత్స పెట్టె కూడా లేదు.

ఆ పెద్దావిడ కట్టిన 900, మా ఆటో 300 తిరిగి ఇవ్వండి. ఆవిడకు మీరే స్వయంగా ఫోన్ చేయండి. ఆ రైతు పొలానికి బాధ్యులెవరైనా వెళ్లి, నష్టం ఎంతో ఆయన్నే అడిగి కట్టి రండి. ఆ చోటు నేను చూపిస్తాను. సంక్రాంతి సెలవుల్లో ఇదే నడక మళ్లీ ఉందని మెసేజ్ వచ్చింది. చివరి మనిషి వెనక నడిచే గైడ్‌ను పెట్టాకే దానికి డబ్బు తీసుకోండి.

పదిహేను రోజులు చూస్తాను. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. డబ్బు కట్టిన రసీదు, ఆ రోజు ఫోన్ చేసిన వివరాలు, తొక్కుడుపడిన మినుము ఫొటోలు ఈ లేఖతో జతచేస్తున్నాను.

ఇట్లు,
ఆ రోజు నడకకు వచ్చిన ఒక టీచర్