పంతులూ, బాబాయి మిషను దొరికింది!

అంబత్తూరు, చెన్నై
ఆదివారం

ఒరేయ్ పంతులూ,

నీ ఉత్తరాలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. జవాబు బాగా ఆలస్యమైంది, మనసులో పెట్టుకోకు. ఇక్కడ అందరం కులాసా. పిన్నికి మోకాళ్ళ నొప్పి తగ్గింది, చంటిది ఎల్కేజీలో చేరింది, ఓనరు మళ్ళీ అద్దె పెంచాడు. మీ చెల్లి పెళ్ళికి ముందురోజే దిగిపోతాను, అమ్మకి చెప్పు. మిగతా కబుర్లన్నీ తర్వాత. ఇది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బాబాయి మిషను దొరికిందిరా! నెల్లూర్లో!

ఉండు, మొదట్నుంచి చెప్తాను. బాబాయి చేసే జంతికల మిషను నీకు తెలుసుగా, మీ బామ్మ "ఫిరంగి" అని పేరు పెట్టిందే, అదే. అందులో అసలు గొప్ప సంగతి నువ్వెప్పుడూ గమనించి ఉండవు. పిండి గొట్టంలో కూరేటప్పుడు మధ్యలో గాలి చిక్కుకుంటుంది. పైనుంచి పిస్టను నొక్కగానే ఆ గాలి పిండితోపాటు దిగి, కాగే నూనెలో పడి టప్పున పేలుతుంది. స్వీటు షాపుల్లో మాస్టర్ల ముంజేతుల మీద మచ్చలు చూడు, చాలామటుకు ఇలా పడ్డవే. బాబాయి ఏం చేశాడంటే పిస్టను అంచు మీద ఏటవాలుగా రెండు గాడులు తీశాడు. గోరు కూడా దూరనంత సన్నం. నొక్కినప్పుడు గాలి ఆ గాడుల్లోంచి పైకి పోతుంది. పిండి చిక్కన కాబట్టి పైకి రాదు. అంతే! ఆ ఏటవాలు కుదరడానికి లేతు మీద ఎన్ని పిస్టన్లు తగలేశాడో లెక్కే లేదు, పిన్ని రోజూ దెబ్బలాడేది.

ఇప్పుడు ఆ గాడి తమదేనంటూ ఒక పెద్ద కంపెనీ వాళ్ళు లాయరు నోటీసు పంపారు. పేరు రాయను, నీకు ఫోన్లో చెప్తాను. మిషన్లు చెయ్యడం వెంటనే ఆపాలి, అమ్మినవి వెనక్కి తెప్పించాలి, నష్టపరిహారం కట్టాలి. కింద ఓ పొడుగాటి నంబరు. అది చాలనట్టు మా కస్టమర్లకి కూడా అలాంటి కాగితాలే పంపారు. మర్నాటి నుంచి ఫోన్లు. "ఏవండీ, మీరు కాపీ కొట్టారటగా?" ఒకాయనైతే అడ్వాన్సు వెనక్కి ఇమ్మన్నాడు.

బాబాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదురా. "నేను దొంగనట్రా" అన్నాడు, అదీ ఒకే ఒక్కసారి. ఆ తర్వాత మాట్లాడడం మానేశాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

గిండీలో ఒక పేటెంటు ఏజెంటు మేడమ్ ఉన్నారని మా ఆడిటరు చెప్పాడు. ఇంజినీరింగు చదివి ఈ పనిలోకి వచ్చారు, మాట్లాడేది మన మద్రాసు తెలుగే. కాగితం చూసి ఆవిడ అడిగిన మొదటి మాట: "ఇది గ్రాంటయిన, అంటే మంజూరైన, పేటెంటు నంబరా, అప్లికేషను నంబరా?" మాకేం తెలుసు! అక్కడికక్కడే పేటెంటాఫీసు సైటు తెరిచి చూపించారు. ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చట. 2021లో వేసిన అప్లికేషను. అచ్చయింది, ఇంకా గ్రాంటు కాలేదు. గ్రాంటయ్యేదాకా వాళ్ళు కోర్టుకెళ్ళి కేసు వెయ్యలేరు, పేటెంటు చట్టంలోనే ఉందట. పైగా పస లేని బెదిరింపులతో వ్యాపారం చెడగొడితే మనమే వాళ్ళ మీద కేసు వెయ్యొచ్చు, దానికీ 106వ సెక్షను ఉంది. ఇవన్నీ తెలియక ఎంతమంది చిన్నవాళ్ళు ఒక్క నోటీసుకే షట్టరు దించేసి ఉంటారో చెప్పు!

తర్వాత వాళ్ళ క్లెయిములు చదివి వినిపించారు. బొమ్మలు, వర్ణన ఎంత ఉన్నా పేటెంటు హద్దు క్లెయిముల్లోనే ఉంటుందట, పొలానికి సర్వే రాళ్ళలాగ. మొదటి క్లెయిమే "అంచు మీద కనీసం ఒక గాడి ఉండి, దాని గుండా గాలి బయటికి పోయే పిస్టను". బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఇది నాదమ్మా."

"మీదేనని నాకు చెప్తే చాలదు బాబాయ్‌గారూ. 2021కి ముందు ఇది మనదేశంలో బహిరంగంగా వాడుకలో ఉందని కాగితం చూపించాలి. చూపిస్తే గ్రాంటుకి ముందే అభ్యంతరం వేద్దాం. పేటెంటు చట్టం 25(1) సెక్షను కింద ఎవరైనా వెయ్యొచ్చు, మీరే అక్కర్లేదు." పసుపు సంగతి గుర్తుందా నీకు? గాయాలకి పసుపు రాయడమన్నదానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ వాళ్ళు పాత సంస్కృత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రికలో వ్యాసం చూపిస్తే 1997లో రద్దయింది. అదే చెప్పారావిడ. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన పసుపుకే అచ్చు కాగితం కావాల్సొచ్చిందంటే, బాబాయి తీసిన ఆ గాడికి ఎవరు సాక్ష్యం?

ఇక వేట మొదలైంది. పాత బిల్లు పుస్తకాలు 2015 వరదల్లో నానిపోయి ఎప్పుడో పారేశాం. ఫొటోలు ఉన్నా పిస్టను లోపల ఉంటుంది కాబట్టి గాడి కనపడదు. అప్పుడు పిన్ని అంది, "మొదటి మూడూ నెల్లూరు వెళ్ళలా?" అని. అవును! మలై కాజా షాపు!

మర్నాడు పొద్దున్నే సెంట్రల్లో రైలెక్కాం. గూడూరు దాటేదాకా బాబాయి కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు, టీ కూడా వద్దన్నాడు. షాపు ఓనరు ఇప్పుడు కొడుకు. "ఆ పాతదా? తుక్కు కింద వేసేశాం అనుకుంటానండీ" అన్నాడు. నా కాళ్ళలో సత్తువ పోయింది. ఇంతలో వెనక వంటశాలలోంచి పెద్ద మాస్టరు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఎవరు వేశారు? కారప్పూసకి దాన్ని తప్ప వేరేదాన్ని నేను ముట్టను" అన్నాడు. ఒరేయ్, ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది!

నూనె జిడ్డు, పొగ కలిసి అట్టలు కట్టేసి ఉంది. బాబాయి నేల మీద కూర్చుని, సోడా కలిపిన వేణ్ణీళ్ళతో, గోనెముక్కతో అరగంట తోమాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. హ్యాండిలు కింద మెల్లగా అంకెలు తేలాయి. 03, దాని కింద 8-13, అంటే మూడో మిషను, 2013 ఆగస్టు. పిస్టను బయటికి లాగాడు. రెండు గాడులూ ఉన్నాయి, పిస్టను తల మీద మళ్ళీ అదే నంబరు. పంతులూ, ఆ 3 అంకె చూడాలి నువ్వు! స్టీలు మీద అంకెలు కొట్టే బాబాయి పంచ్ సెట్లో 3కి తోక విరిగి ఉంటుంది. కొత్త సెట్టు కొనమని ఎన్నిసార్లు పోరినా కొనలేదు. ఆ విరిగిన తోకే అక్కడ స్టీలు మీద ఉంది. పంచ్ సెట్టు ఇప్పటికీ మా బల్ల సొరుగులోనే ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి అఫిడవిట్‌తో జతచేశాం.

ఇంకా ఉంది. ఆ షాపు వాళ్ళ ఆడిటరు దగ్గర పాత ఫైలు దొరికింది. జీఎస్టీ రాకముందు వేరే రాష్ట్రానికి అమ్మితే సి ఫారం ఉండేది కదా, పన్ను తగ్గడానికి. ఆ సి ఫారం నకలుకి మా బిల్లు పిన్ను కొట్టి ఉంది, పన్ను రిజిస్ట్రేషను టిన్ నంబరుతో సహా. బిల్లులో బాబాయి సొంత దస్తూరీ, తెలుగులో: "జంతికల మిషను, గాలి పోవు గాడి పిస్టనుతో, 1". మేడమ్ అది చూసి బల్ల మీద చరిచారు. ఉత్తి "మిషను 1" అని రాసి ఉంటే గాడి సంగతి రుజువయ్యేది కాదట. లెక్కలు రాసేటప్పుడు ప్రతి వస్తువుకీ ఇంత వివరం ఎందుకు బాబాయ్ అని ఆ రోజుల్లో అందరూ విసుక్కునేవాళ్ళే.

అక్కడిదాకా పండగే. అప్పుడు బాబాయి అడిగాడు, "అయితే అమ్మా, ఇక ఆ పేటెంటు నాకిస్తారా?"

ఆవిడ కాసేపు ఆగారు. "ఇవ్వరండీ. 2013లో మీరే అమ్మారు కదా. బయటపడ్డాక అది కొత్తది కాదు, సొంతవాడికైనా సరే. ప్రభుత్వం ప్రకటించిన ఎగ్జిబిషన్లో పెట్టడం లాంటి ఒకటి రెండు వాటికే ఏడాది వెసులుబాటు." అంటే ఏ బిల్లు వాళ్ళని ఆపుతుందో అదే బిల్లు బాబాయినీ ఆపుతుంది! నాకిది ఇప్పటికీ మింగుడు పడటం లేదురా. పదేళ్ళకి పైగా ఆ మనిషి మాస్టర్ల చేతులు కాలకుండా... సర్లే, అది రాస్తూ కూర్చుంటే మళ్ళీ కోపం వస్తుంది.

మేడమ్ ఇంకో పాత కేసు కూడా చెప్పారు. మీర్జాపూర్‌లో ఇత్తడి గిన్నెలు చేసేవాళ్ళది. లేతు మీద గిన్నెని పట్టి ఉంచే ఏర్పాటుకి 1951లో పేటెంటు తీసుకున్నారు. చివరికి సుప్రీంకోర్టు 1978లో, ఇది ఉన్న లేతుకి చేసుకున్న సర్దుబాటే, కొత్తగా కనిపెట్టింది కాదని తేల్చింది. మన అభ్యంతరంలో అదీ పనికొస్తుందని ఆవిడ ఉద్దేశం. బాబాయి ముఖం మాత్రం మారిపోయింది. "అంటే నేను చేసింది కూడా ఉత్తి సర్దుబాటేనా?" ఆవిడ వెంటనే, "కాదండీ, ఆ పని తెలిసిన వాడెవడైనా మామూలుగా అక్కడికే వచ్చేవాడా, రాడా అన్నదే ప్రశ్న. కారప్పూస మాస్టరు మీ మిషను తప్ప ముట్టనన్నాడంటే నా దృష్టిలో జవాబు దొరికినట్టే" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

బయటికొచ్చాక గిండీలో ఆ పేటెంటాఫీసు బిల్డింగు చూస్తానన్నాడు బాబాయి. మన బంగినపల్లి మామిడికీ, ఆత్రేయపురం పూతరేకులకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది ఇక్కణ్ణుంచే అని చెప్పాను. గేటు దగ్గర నిలబడి, "వాళ్ళకి రాకపోతే చాలు. నాకొద్దు. ఎవరైనా చేసుకోనీ, చేతులు కాలకుండా ఉంటే మంచిదే" అన్నాడు. ఆ మాట అనగలిగిన మనిషిని దొంగన్నారు, చూడు!

కానీ కథ అక్కడ ఆగలేదు. ఇంటికి రాగానే ఇంకో మిషను గుడ్డ తీసి చూపించాడు. కొత్తది. ఏమిటో నీకు కూడా చెప్పను, పూర్తి కాగితాలు వేసేదాకా నోరు విప్పొద్దని మేడమ్ ఒట్టు వేయించుకున్నారు. మర్నాడు దాన్ని తీసుకెళ్ళి ఒక కేటరింగు ఆయనకి చూపిద్దామనుకుంటున్నాడట! నేను షట్టరుకి అడ్డంగా నిలబడ్డాను. ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషను, వేయించాం. మనలాంటి మామూలు మనుషులకి ఆన్‌లైన్లో అప్లికేషను ఫీజు 1600 రూపాయలే, ఏజెంటు ఖర్చు వేరు. ఏడాదిలోపు పూర్తి స్పెసిఫికేషను, అంటే మొత్తం వివరణ, వెయ్యాలి, లేకపోతే వదులుకున్నట్టే. గ్రాంటైతే వేసిన తేదీ నుంచి 20 ఏళ్ళు.

ఫారంలో ఆవిష్కర్త పేరు రాసే చోట బాబాయి ఆగిపోయాడు. "మా దగ్గర లేతు తిప్పే అన్నయ్య పేరు కూడా రాయండి" అన్నాడు. గీసిచ్చిన బొమ్మ ప్రకారం తిప్పినంత మాత్రాన ఆవిష్కర్త అయిపోరు, ఆలోచనలో పాలుంటేనే అని మేడమ్ గట్టిగా అడిగారు. "అసలు కిటుకు సగం ఆయనదేనమ్మా, నేను మొండికేస్తే ఆయనే తిప్పి చూపించాడు." ఇద్దరి పేర్లూ ఎక్కాయి, అప్లికేషనులో హక్కు కూడా ఇద్దరికీ. లేతు అన్నయ్య సంతకం పెట్టే ముందు చేతులు రెండుసార్లు కడుక్కొచ్చాడు.

అన్నట్టు నీ పచ్చళ్ళ షాపు సంగతి. నీ షాపు పేరుకి కావాల్సింది ట్రేడ్‌మార్కు, పేటెంటు కాదు. పదేళ్ళకోసారి రెన్యూ చేసుకుంటూ ఉండొచ్చు. మీ బామ్మ పచ్చళ్ళ పాళ్ళు మాత్రం ఎక్కడా రాయకు, ఎవరికీ చెప్పకు. మిగతాది పెళ్ళిలో మాట్లాడదాం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. అభ్యంతరం వేశాం, హియరింగు ఇంకా రాలేదు. సాక్ష్యం ఎంత ఉంటే అంత మంచిది. 2014లో ఒక మిషను మీ తణుకే వచ్చింది, మీ సందు చివరి షాపుకి. రేపే వెళ్ళి హ్యాండిలు కింద నంబరు, పిస్టను తల మీద నంబరు, గాడులు, మూడూ విడివిడిగా ఫొటో తియ్యి. తోమే ముందు ఒకటి, తోమాక ఒకటి. బిల్లుంటే దాన్నీ ఫొటో తియ్యి, పాత సి ఫారం ఉంటే ఇంకా... లారీ వచ్చేసింది, బాబాయి కేకలు వేస్తున్నాడు, స్టీలు షీట్లు దింపాలి. ఫొటోలు ఈ వారంలోపే పంపు.

నీ
బుల్లబ్బాయి