సిగ్గుమాలి అడిగినవాడు

మెట్టుగూడ, సికింద్రాబాద్
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

ప్రభువు పేరిట నాన్న వందనాలు. అమ్మ తన ముద్దులు ఫోనులోనే ఇచ్చుకుంటుందట, కాగితం మీద నమ్మకం లేదట.

మధ్యాహ్నం నువ్వు అడిగినదానికి నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ముందు గదిలో మీ పెద్దమ్మ వాళ్లు ఉన్నారు. పైగా ఫోనులో నాకు మాట తొందరగా తెగదు. ముప్పై ఆరేళ్లు నీటి వాల్వులు తిప్పినవాణ్ణి, ఏదైనా నిదానంగా తెరిస్తేనే నాకు సవ్యంగా వస్తుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పుణె వచ్చిన ఆరేళ్లలో నేను గుడికి వెళ్లిన ఆదివారాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు నాన్నా. ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి పొద్దునా రాత్రీ మోకాళ్ల మీదే ఉంటున్నాను. నాకే సిగ్గుగా ఉంది. దేవుణ్ణి అవసరానికి వాడుకుంటున్నట్టు ఉంది. దీన్ని విశ్వాసం అంటారా?"

డబ్బు సంగతి ముందు తేల్చేస్తాను. రెండు నెలల హాస్టలు అద్దె రేపు బ్యాంకులో వేస్తాను. క్రెడిట్ కార్డు మీద అప్పు మాత్రం తీసుకోవద్దు. ఇక దీని గురించి మనం పోట్లాడుకోవద్దు.

ఇప్పుడు నీ బైబిలు తీసి లూకా సువార్త పదకొండో అధ్యాయం చూడు. ప్రార్థన చేయడం నేర్పమని శిష్యుల్లో ఒకడు యేసును అడుగుతాడు. ఆయన నేర్పుతాడు. చిన్నప్పటి నుంచి మనం వల్లించే ప్రార్థనే. అది అయిన వెంటనే, ఊపిరి తీసుకోకుండా, ఒక కథ చెబుతాడు. అర్ధరాత్రి ఒకడు స్నేహితుడి తలుపు తట్టి మూడు రొట్టెలు అప్పుగా అడుగుతాడు. ఇంటికి చుట్టం వచ్చాడు, పెట్టడానికి ఏమీ లేదు. లోపలివాడు తలుపు వేసేశామనీ, పిల్లలు పడుకున్నారనీ విసుక్కుంటాడు. స్నేహాన్ని బట్టి ఇవ్వకపోయినా, బయటివాడు 'సిగ్గుమాలి మాటిమాటికి అడుగుటవలన' లేచి ఇస్తాడట. మన పాత తెలుగు బైబిలులో ఆ మాట అలాగే ఉంది, సిగ్గుమాలి. నలభై ఏళ్లుగా చదువుతున్నాను కానీ, ఈ రోజు నువ్వు సిగ్గుగా ఉందన్నాకే ఆ మాట దగ్గర నా వేలు ఆగింది.

ఆ కథలో లోపలివాడు ఎన్ని సాకులైనా చెప్పాడు కానీ, "ఇన్నాళ్లూ పగటిపూట ఒక్కసారైనా వచ్చి పలకరించావా?" అని మాత్రం అడగలేదు, గమనించావా?

యేసు దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతమంది అవసరం లేకుండా వచ్చారో నువ్వే వెతుకు. కుష్ఠరోగి వచ్చాడు, గుడ్డివాడైన బర్తిమయి అరిచాడు, యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంటే పరుగెత్తుకొచ్చి కాళ్ల మీద పడ్డాడు. చర్చించడానికి వచ్చినవాడు నీకొదేము. అతను కూడా రాత్రిపూటే వచ్చాడు, నలుగురూ చూస్తారని కాబోలు. అతనికీ ఏదో సిగ్గు ఉండే ఉంటుంది.

మన ఇంట్లో విశ్వాసం ఎలా అడుగుపెట్టిందో నీకు ముక్కలుముక్కలుగా తెలుసు. నిండుగా ఎప్పుడూ చెప్పలేదు. కొంచెం నామోషీ అనిపించేది. ఈ రోజు అనిపించడం లేదు.

మెదక్ గుడి, అదే అక్కడి పెద్ద చర్చి, దాని పని 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. మధ్యలో యుద్ధం, కరువు. దాన్ని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర ఊరికే గంజి పోయించడం కంటే పని చూపించి తిండి పెట్టడం మేలనుకున్నాడు. గుడి కట్టడమే కరువు పని అయింది. మా తాత, అంటే నీ ముత్తాత, అప్పటికి మీసాలు కూడా రాని కుర్రాడు. తట్టలో కంకర మోశాడు. గోపురం నూట డెబ్బై అయిదు అడుగులు లేచేదాకా ఏదో ఒకటి మోస్తూనే ఉన్నాడు. ఊళ్లోవాళ్లు మన వాళ్లను 'అన్నానికి కలిసినవాళ్లు' అనేవారు. నేను బడిలో కూడా ఆ మాట పడ్డాను. ఏడుస్తూ ఇంటికి వచ్చి తాతను అడిగాను, నిజమేనా అని.

ఆయన చుట్ట తీసి పక్కన పెట్టి అన్నాడు: "నిజమే. అన్నానికే పోయాను. ఆకలైనవాడు ఇంకెందుకు పోతాడు? తిన్నాక అక్కడే ఉండిపోయాను. ఆ ఉండిపోవడం గురించి వాళ్లను అడగమను, చెబుతాను."

ఎవరూ వచ్చి అడగలేదు. ఆయన మాత్రం ఏటా క్రిస్మస్‌కు మమ్మల్ని బస్సెక్కించి మెదక్ తీసుకెళ్లి, లోపల ఒక స్తంభాన్ని తట్టి "ఇది నా రాయి" అని చెప్పేవాడు. ప్రతి ఏడూ వేరే స్తంభం. మా నాన్న నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయేవాడు.

కాబట్టి అవసరానికి వెళ్లడం మన వంశంలో కొత్త కాదు. తిన్నాక ఏం చేశామన్నదే నాకు ముఖ్యం. నువ్వు ఇంకా తినలేదు, ఆకలితో ఉన్నావు. అప్పుడే నిన్ను నువ్వు తప్పుపట్టుకోవడం ఎందుకు?

రోజువారీ నమ్మకం గురించి నాకు తెలిసిందంతా వీధిలో నేర్చుకున్నదే. నేను 1983లో పనిలో చేరాను. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని సామెత కదా. 1908లో ఊరిని ముంచిన మూసీకే అడ్డుకట్ట వేసి, 1920 నాటికి తాగునీరు చేసుకున్న జనం, అనగలరు. నాకు మాత్రం మంజీరా నీళ్లే ఇష్టం. 1965 నుంచి వాటిని నగరానికి తెస్తున్నారు. మెదక్ సీమలో పారే నది కాబట్టి మా తాత తాగిన నీళ్లే నేను వదులుతున్నానని లోపల ఒక గర్వం.

ఎండాకాలంలో రోజు విడిచి రోజు నీళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి సైకిలు మీద వెళ్లి, చాంబరు మూత తీసి, పొడవాటి ఇనుప కడ్డీ వాల్వు తలకు తొడిగి తిప్పేవాణ్ణి. గబగబా తిప్పకూడదు. నీళ్లు ఒక్కసారిగా దూకితే ఎక్కడో పైపు పగులుతుంది. ఒక చుట్టు, ఆగడం, మళ్లీ ఒక చుట్టు. అప్పుడు బస్తీలో నల్లాలు సుయ్యిమని గాలి వదిలేవి. నీళ్లు ఇంకా రావు, గాలే. ఆ చప్పుడుకే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. నీళ్లు కంటితో చూశాక బిందె తెచ్చినవాళ్లు వరుసలో చివర నిలబడేవారు.

కొందరు డ్రమ్ముల మీద డ్రమ్ములు నింపేవారు. రేపు రావేమోనని. ఒక ఇంట్లో మీటరు చూడటానికి వెళితే, వారం నాటి డ్రమ్ము మూత తీసి చూపించారు. నీటిలో సన్నటి తోకపురుగులు వందలకొద్దీ, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. ఆ ఇల్లాలు నన్నే తిట్టింది, మురికి నీళ్లు వదులుతున్నానని. నాకు మాత్రం నిర్గమకాండం పదహారో అధ్యాయం గుర్తొచ్చింది. అరణ్యంలో దేవుడు కురిపించిన తిండి మన్నా. దాన్ని మనిషికి ఒక ఓమెరు కొలత చొప్పున ఏరుకోమన్నాడు. మర్నాటికి దాచినవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది. అరణ్యంలో నలభై ఏళ్లు ఏ రోజు తిండి ఆ రోజే. ప్రభువు ప్రార్థనలో 'మా అనుదినాహారము నేడు' అంటాం చూడు, ఒకే వాక్యంలో రోజు మాట రెండుసార్లు వస్తుంది.

అన్నట్టు, ఆరో రోజున మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు. కాబట్టి నీ పీఎఫ్ డబ్బుకు దేవుడి అభ్యంతరం లేదు. భయపడకు.

నీ ప్రార్థనలు ఎలా ఉన్నాయో నేను ఊహించగలను, నువ్వు నా కూతురివి. డిసెంబరు అద్దె, వచ్చే ఏడాది పెళ్లి ఖర్చు, నలభై ఏళ్లు వచ్చాక ఎవరు ఉద్యోగం ఇస్తారు అనే దిగులు, అన్నీ ఒకే రాత్రి మోకాళ్ల మీద పెడుతున్నావు. డ్రమ్ములు నింపుతున్నావు. నిద్ర ఎలా పడుతుంది? రేపటి ఇంటర్వ్యూ ఉంటే ఆ ఇంటర్వ్యూలో నోరు పెగలాలని అడుగు. ఇంటర్వ్యూ లేని రోజున, ఆ రోజు రెండు పూటలా అన్నం సహించాలని అడుగు. అంత చిన్నవి అడిగితే ఆయన ఏమనుకుంటాడో అని మొహమాటపడకు. మూడు రొట్టెలు ఏమంత పెద్ద విన్నపం?

ఈ వాల్వు సంగతి ఒకసారి పాస్టరుగారికి చెబితే, ప్రసంగంలో వాడుకుంటానన్నారు. వద్దన్నాను. ఆ పోలిక ఒకచోట తెగిపోతుంది. నీళ్లు రాకపోతే నేను వెళ్లి చూడగలను. పంపుకు కరెంటు లేదా, పైపు పగిలిందా, ఎవరైనా పైన మూసేశారా, ఏదో ఒక కారణం దొరుకుతుంది. దేవుడి దగ్గర నాకు కారణం దొరకని సందర్భం ఒకటి ఉంది.

నీకంటే ముందు పుట్టిన మీ అన్నయ్య గురించి మేము ఎక్కువగా మాట్లాడలేదు. 1994. పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజులూ నేను ఆసుపత్రి మెట్ల మీద సిగ్గుమాలే అడిగాను. ఇవ్వలేదు. సమాధి దగ్గర ఒక పెద్దమనిషి నా భుజం మీద చేయి వేసి, దేవుడికి పువ్వు కావలసి వచ్చింది, కోసుకున్నాడు అన్నాడు. ఆయన్ను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రతి బల్లారాధన ముందూ ప్రయత్నిస్తాను.

ఎనిమిది నెలలు నేను గుడి గడప తొక్కలేదు. ఆదివారం డ్యూటీ ఎవరు వద్దంటే వాళ్లది అడిగి వేయించుకున్నాను. అమ్మ కూడా పాడటం మానేసింది. నీకు తెలుసు కదా, పాడకుండా అమ్మకు అంట్లు తోమడం కూడా చేతకాదు. ఆ ఏడాది వంటింట్లో పాట లేదు. కానీ ఒక రోజు చూశాను. ఎసరు పెట్టి, చేటలో బియ్యం తీసి, కడగబోయే ముందు ఒక పిడికెడు విడిగా తీసి మూత సొట్టపోయిన ఆ పాలడబ్బాలో వేసింది. ఆదివారం స్త్రీల సమాజంలో ఇచ్చే పిడికెడు బియ్యం. ఆ డబ్బా ఇప్పటికీ పొయ్యి పక్కనే ఉంది, నువ్వు చిన్నప్పుడు దాని మీద కూర్చునేదానివి.

నాకు ఒళ్లు మండింది. "ఇంకా ఎవరికి ఇస్తున్నావు?" అన్నాను.

"నా కోపం దేవుడి మీద. ఈ బియ్యం తినేవాళ్ల మీద కాదు" అంది. అన్నం పొయ్యి మీద పెట్టింది.

ఆమె విశ్వాసం అప్పుడు ఉందా లేదా అని నువ్వు అడిగితే నేను చెప్పలేను. ఆమెనే అడిగినా చెప్పలేదు. చేయి మాత్రం ప్రతి పూటా ఆ డబ్బా వైపు వెళ్లింది. తర్వాత నేను తిరిగి గుడికి వెళ్లింది ఏ ప్రసంగం విని కాదు. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో జబ్బుపడిన కొడుకును తెచ్చిన తండ్రి ఉన్నాడు. 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అని అరుస్తాడు. నమ్ముతున్నానంటాడు, నమ్మలేకపోతున్నానంటాడు, రెండూ ఒకే ఊపిరిలో. అతని కొడుకు బతికాడు, నా కొడుకు బతకలేదు. అయినా ఆ వాక్యం అతనిది కాదు, నాదే అనిపించింది. వెనక వరుసలో, గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆ చోటు నేను ఇప్పటికీ మార్చలేదు. నువ్వు ఎన్నిసార్లు ముందుకు రమ్మన్నా ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది కదా.

దీనికంటే మంచి ఉద్యోగం ఇవ్వడానికే దేవుడు ఇది తీసేశాడని నీకు చాలామంది చెబుతారు. నిజమే కావచ్చు. నాకు తెలియదు, తెలిసినట్టు నేను చెప్పను. నీ ఉద్యోగం ఎందుకు పోయిందో ఆ కంపెనీ లెక్కలకే తెలుసు. నువ్వు మోకరించడం మాత్రం ఆపవద్దు. ఉద్యోగం వచ్చిన మర్నాడు కూడా మోకరిస్తావా లేదా అన్నది అప్పుడు చూసుకుందాం. ఇప్పటి నుంచే దానికి సిగ్గుపడటం కూడా రేపటి నీళ్లు డ్రమ్ములో నింపడమే.

అమ్మ నీ కోసం శుక్రవారాలు ఉపవాసం ఉంటోంది. షుగరు మనిషి, నేను వద్దంటే వినదు. నీకు చెప్పవద్దంది, అందుకే చెబుతున్నాను. ఒక మాట గట్టిగా అను.

క్రిస్మస్‌కు టికెట్టు తీసుకో, డబ్బు నేను ఇస్తాను. ఈసారి మెదక్ వెళదాం. నేను కూడా ఒక స్తంభం ఎంచుకున్నాను, తాత తట్టనిది. నిజానికి ఏది తట్టాడో ఏది తట్టలేదో నాకూ లెక్క తెలియదు.

రాస్తూ రాస్తూ మధ్యలో కునుకు తీసి మళ్లీ లేచాను. నాలుగు కావస్తోంది. నల్లా గాలి వదులుతోంది, బిందె పెట్టి వస్తాను.

నాన్న