నీ ఇంటిపేరు వెతుకులాట గురించి

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది, రెండుసార్లు చదివాను. నువ్వు కూడా ఇంటిపేరు వెనకాల పడ్డావని తెలిసి ఎంత సంబరపడ్డానో! ఇన్నేళ్లూ ఈ సంగతులు మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేడే అనుకునేవాణ్ణి.

కానీ ఒక్కచోట గుండె జారింది. నీ ఇంటిపేరుతో ఇంటర్నెట్‌లో మూడొందల మంది దొరికారనీ, అందరినీ ఒకే వంశవృక్షంలోకి ఎక్కిస్తున్నాననీ రాశావు. ఆ పని ఇవాళే ఆపెయ్యి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదురా. ఆరు నెలలు పోగొట్టుకుంటే గానీ నాకు ఆ సంగతి తెలిసిరాలేదు.

మా ముత్తాత తండ్రి కోసం వెతుకుతుంటే పేరూ, ఇంటిపేరూ, ఊరూ మూడూ కలిసిన మనిషి ఒక పాత రిజిస్టర్లో కనిపించాడు. ఇంకేం చూడలేదు. ఆయన తండ్రి, తాత అంటూ నాలుగు తరాలు పైకి వెళ్లిపోయాను. తీరా ఒకరోజు ఆయన చావు నమోదైన పేజీ దొరికింది. మా ముత్తాత పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందే పోయాడాయన! బల్ల మీద పరిచిన నాలుగు తరాల కాగితాల్లో ఒక్కరూ మావాళ్లు కారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నా నుంచి మా నాన్నకి, నాన్న నుంచి తాతకి, ఒక్కో మెట్టూ కాగితం చూసుకునే ఎక్కుతున్నాను. మెల్లగా సాగుతుంది, కానీ తప్పుదారి పట్టదు.

నన్నడిగితే, ఇంటిపేరుకి అర్థమేమిటన్నది మొదటి ప్రశ్నే కాదు. ఆ పేరు ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా స్థిరపడిందో ముందు తేల్చుకోవాలి. కొరియా సంగతి చూడు. ప్రతి ఐదుగురిలో ఒకరు కిమ్. అందుకే వాళ్లలో వాళ్లు ‘ఏ ఊరి కిమ్’ అని చూసుకుంటారు. గిమ్హే కిమ్ వేరు, గ్యోంగ్జు కిమ్ వేరు. థాయ్‌లాండ్‌లో సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ ఇంటిపేరు ఉండాలన్న చట్టమే 1913లో వచ్చింది. వజిరావుధ రాజు స్వయంగా ఆరు వేలకు పైగా ఇంటిపేర్లు పెట్టాడు. ఒక కుటుంబం పేరు ఇంకో కుటుంబం పెట్టుకోకూడదు. అందుకని అక్కడ ఇద్దరి ఇంటిపేరు కలిస్తే చాలావరకు చుట్టాలే అనుకోవచ్చు. ఇక ఫిలిప్పీన్స్ కథ నాకు భలే ఇష్టం. 1849లో స్పెయిన్ తరఫున పాలిస్తున్న గవర్నర్ క్లావేరియా ఇంటిపేర్ల జాబితా ఒకటి తయారు చేయించి జనానికి పంచాడు. కొన్ని ఊళ్లకి ఒకే అక్షరం పేజీలు వెళ్లాయి, దాంతో ఊరు ఊరంతా ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లే! అక్కడ పేరుకి అర్థం వెతికి ఏం లాభం చెప్పు? ఏ పేజీ ఎక్కడికి చేరిందన్నదే అసలు చరిత్ర.

వృత్తి నుంచి వచ్చిన పేరైతే మరీ జాగ్రత్త. కొలిమి లేని ఊరుండదు కదా, అందుకే ఇంగ్లండ్‌లో స్మిత్, అంటే కమ్మరి, అన్న పేరు ఎక్కడికక్కడ పుట్టింది. అరుదైన పేర్లు వేరు. బ్రయాన్ సైక్స్ అనే జన్యు శాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న మగవాళ్లలో, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోములు పోల్చి 2000లో ఫలితం ప్రకటించాడు. దాదాపు సగం మందిలో ఒకే నమూనా! అంటే ఎప్పుడో ఒక్క మనిషి దగ్గర మొదలైన పేరన్నమాట. మిగతా సగం గురించి కూడా ఆలోచించు. దత్తతలు, పెళ్లి బయటి సంతానం, అత్తవారి పేరు తీసుకున్నవాళ్లు, ఇలా ఒక పేరు వందల ఏళ్లలో ఎన్ని చేతులు మారుతుందో!

స్పెల్లింగ్ గురించి బెంగ పెట్టుకోకు. నా దగ్గర ఒక పేజీ ఫోటో ఉంది. పై వరుసలో తండ్రి ఇంటిపేరుకి ఒత్తు ఉంది, నాలుగు వరుసల కింద కొడుకు ఇంటిపేరుకి లేదు. ఒకటే సిరా, ఒకటే చేతిరాత, అక్షరం చివర అదే చిన్న వంకర. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. అందుకే పలికే తీరు పట్టుకుని వెతకాలి. అమెరికాలో 1918లో పేటెంట్ అయిన సౌండెక్స్ పద్ధతి అదే పని చేస్తుంది. పలికే తీరుని బట్టి పేరుకి ఒక సంకేతం ఇస్తుంది. స్మిత్‌ని స్మైత్ అని రాసినా ఎస్530 అనే చూపిస్తుంది.

మీ నాన్నమ్మ చెప్పిన కథ, రాజుగారు ఆ పేరు ఇచ్చారన్నది, ఆవిడ మాటల్లోనే తేదీ వేసి రాసిపెట్టుకో. అది బంగారం. కానీ ఆధారం కింద లెక్కెయ్యకు. వలస వచ్చినవాళ్లని ఓడ దిగగానే తనిఖీ చేసిన న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలో అధికారులు మా పేరు మార్చేశారని అమెరికాలో ఎన్నో కుటుంబాలు నమ్ముతాయి. నిజానికి అక్కడి గుమాస్తాలు ఓడ బయల్దేరేటప్పుడు తయారైన జాబితానే ముందు పెట్టుకుని సరిచూసేవాళ్లు. ఆ తర్వాత అక్కడ స్థిరపడ్డాక తమంతట తామే పేరు మార్చుకున్నవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి, మ్యాప్ మీద ఇప్పుడున్న మూడొందల మందిని కాదు, నీకు దొరికిన అతి పాత నమోదుల్ని పెట్టు. అవి ఎక్కడ గుమిగూడాయో అక్కడి నుంచి వెతుకు. పేరు ఇప్పుడు ఎంతమందికి ఉందన్నది చాలావరకు అదృష్టం. ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయని గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1873లోనే ఒక లెక్క వేసి అడిగాడు. ఒక్క తరంలో ఎవరికీ కొడుకులు లేకపోతే ఎంత గొప్ప పేరైనా ఆగిపోతుంది మరి.

మీ తాతగారి పెళ్లి నమోదు దొరికిందన్నావుగా, ఆ పేజీ మొత్తం ఫోటో తీసి పంపు. ఆయన వరుస ఒక్కటే కత్తిరించొద్దు. సాక్షి సంతకాలు కూడా చూడాలి, అందులో మీ ఇంటిపేరు ఇంకోటి కనపడొచ్చు.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ మిత్రుడు