2024-25 వార్షిక నివేదిక: ఇంటి పన్ను నోటీసులు, మన రివిజన్ పిటిషన్లు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా రాసే వరుస ప్రకారం అయితే డ్రైనేజీ, వీధి దీపాలు, వినాయక చవితి, బతుకమ్మ ముందు రావాలి. ఈసారి వాటిని చివరికి నెట్టాం. ఏ ఇంటికి పోయినా ఇంటి పన్ను టెన్షనే కాబట్టి సంఘం పని కూడా ఎక్కువగా దాని చుట్టే తిరిగింది.

కొత్త సభ్యుల కోసం కొంచెం వెనక్కి పోదాం. నల్లగొండ జిల్లాలో చిట్యాల, హాలియా, చండూరు మున్సిపాలిటీలైన 2018లోనే మన గ్రామ పంచాయతీ కూడా పోయి, ఊరు మున్సిపాలిటీలో కలిసింది. పంచాయతీ రోజుల్లో ఇంటి పన్ను రసీదు చూసి ఎవరూ పెద్దగా బాధపడలేదు. మున్సిపాలిటీ లెక్క వేరు. కట్టడం వైశాల్యం ఎంత, ఏ జోన్, ఆర్‌సీసీ స్లాబా, రేకులా, పెంకులా, ఉండే ఇల్లా లేక మడిగెనా (దుకాణమా), కట్టి ఎన్నేళ్ళయింది అనేవి చూసి ఏడాది అద్దె విలువ కడతారు. దాని మీద పన్ను, ఆ పన్ను మీద మళ్ళీ 8 శాతం లైబ్రరీ సెస్సు. ఇందులో మొదటి అంకె తప్పితే కింది అంకెలన్నీ తప్పుతాయి.

మన దగ్గర జరిగింది అదే. మళ్ళీ కొలతలు తీసి, ఇళ్ళ వివరాలు నమోదు చేసే భువన్ యాప్‌లో ఎక్కించాక కొత్త నోటీసులు వచ్చాయి. రేట్లు పెంచారని మొదట అందరూ అనుకున్నారు. మున్సిపల్ ఆఫీసు ముందు ధర్నా చేద్దామన్న మాట కూడా వచ్చింది. మూడో గల్లీలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు మాత్రం టేపు పట్టుకుని తన ఇల్లు తానే కొలుచుకున్నారు. పొడవు 40 అడుగులు, వెడల్పు 30, మొత్తం 1,200 చదరపు అడుగులు. నోటీసులో చదరపు మీటర్ల గడిలో 133 అని ఉంది. 1,200 చదరపు అడుగులంటే మీటర్లలో 111.5 మాత్రమే. 133 అనేది గజాల లెక్క. మీటర్ల గడిలో గజాలు పడ్డాయి! ఆ ఒక్క పొరపాటుతో పన్ను దాదాపు 20 శాతం పెరిగింది. మాస్టారు ఆ కాగితం తెచ్చి కమిటీ మీటింగులో బల్ల మీద పెట్టాక ధర్నా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందరూ ఇళ్ళకు పోయి టేపులు తీశారు.

తర్వాత రకరకాల తప్పులు బయటపడ్డాయి. బండ్లు పెట్టుకునే రేకుల షెడ్డు కొన్ని ఇళ్ళకు స్లాబు కింద రాశారు. ఒకచోట కింది పోర్షన్‌లో ఎప్పుడో మూతపడ్డ కిరాణా దుకాణం ఇంకా మడిగె లెక్కలోనే ఉంది. ఆ ఇంటి అవ్వ బిల్ కలెక్టర్‌ను నిలబెట్టి, "బిడ్డా, లోపలికొచ్చి చూడు, అండ్ల వడ్ల బస్తాలు తప్ప ఏమన్న ఉన్నదా?" అని షట్టర్ ఎత్తి చూపించింది. ఆయన ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. పన్ను మళ్ళీ లెక్క కట్టమని పెట్టిన ఆ ఇంటి రివిజన్ పిటిషన్‌కు మేం జత చేసిన కాగితాలన్నిటికంటే ఆ ఫొటోనే ఎక్కువ పనికొచ్చిందని మా నమ్మకం.

అందరికంటే ఎక్కువ నలిగింది పంచాయతీ పర్మిషన్‌తో ఇల్లు కట్టుకున్నవాళ్ళు. మున్సిపాలిటీ రికార్డులో వాళ్ళ పర్మిషన్ కనబడక అనుమతి లేని కట్టడంగా రాసి, పన్నుకు సమానంగా జరిమానా కలిపారు. అంటే బిల్లు రెట్టింపు. వీళ్ళ కోసం పాత పంచాయతీ పర్మిషన్ కాగితాలు, అప్పటి పన్ను రసీదులు, మొదటి కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు వెతికించి ఇంటింటికీ ఒక ఫైలు కట్టాం. కాగితం దొరికినవాళ్ళ పని నడిచింది. చెదలు తిన్నవాళ్ళది ఇంకా నడవలేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. కొంతమంది పైన వేసుకున్న అంతస్తు చూపించకుండా పిటిషన్ రాసిపెట్టమని అడిగారు. రాయలేదు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఇంటి వివరాలు మనమే రాసిచ్చే సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో తప్పు చెబితే కట్టాల్సిన పన్నుకు 25 రెట్లు జరిమానా పడుతుంది. ఒక్కరి కోసం సంఘం లెటర్‌హెడ్‌కు ఆ మరక అంటితే నిజంగా నష్టపోయినవాళ్ళ పిటిషన్‌ను కూడా ఎవరూ నమ్మరు. దీని మీద మమ్మల్ని తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు. అదే చట్టం 75 గజాల లోపు జాగాలో కట్టుకున్న చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్ను చాలంటుంది. అది తెలియక ఎక్కువ కడుతున్నవాళ్ళు మన కాలనీలోనే ఉన్నారు. వాళ్ళ దరఖాస్తులు మేమే అడిగి రాయించాం.

పిటిషన్ రాష్ట్ర పురపాలక శాఖ (సీడీఎంఏ) పోర్టల్‌లో పెట్టవచ్చు, ఆఫీసులో కాగితం మీదా ఇవ్వవచ్చు. రెండూ చేయమనే చెప్పాం, ఎందుకంటే ముద్ర వేసిన నకలు చేతిలో ఉంటే మాట్లాడటానికి ధైర్యం ఉంటుంది. నోటీసులో రాసిన గడువు దాటకూడదు. నవంబర్‌లో ఇంటింటి కులగణన మొదలయ్యాక సిబ్బంది దొరకడం కష్టమైంది. జనవరి చివర్లో పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేక అధికారి పాలన వచ్చాక, కౌన్సిలర్ దగ్గరికి పోయి మొరపెట్టుకునే దారీ మూసుకుపోయింది. జవాబు రాని పిటిషన్లను ఒక సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి తీసుకుపోయాం. అక్కడ దరఖాస్తుకు నంబర్ ఇచ్చారు.

మా అసలు అసంతృప్తి వేరే ఉంది. కొలత వేసిందీ, నోటీసు ఇచ్చిందీ, పిటిషన్ వినేదీ ఒకే ఆఫీసు. మన సభ్యుల అబ్బాయి ఒకరు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటారు. అక్కడ ప్రతి టౌన్‌షిప్‌కు బోర్డ్ ఆఫ్ రివ్యూ ఉంటుందట. కనీసం ముగ్గురు స్థానికులు, అందులో మూడింట రెండొంతుల మంది అక్కడే ఆస్తి పన్ను కట్టేవాళ్ళు, మార్చిలో కూర్చుని ఇంటి యజమానుల మాట వింటారు. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్ర ట్యాక్స్ ట్రిబ్యునల్ ఉంది. వాళ్ళది ఇంటి మార్కెట్ విలువ మీద వాదన, మనది కొలతల మీద, కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. అయితే మన చట్టంలోనే ఒక్కో వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కో దానిలో 15 మంది సభ్యులు అని రాసి ఉంది. కొలతల పిటిషన్లను తీర్పుకు ముందు ఆ కమిటీల ముందు చదవాలని, విచారణ తేదీ ముందే రాతపూర్వకంగా చెప్పాలని ప్రత్యేక అధికారికి వినతిపత్రం ఇచ్చాం. జవాబు రాలేదు.

మిగతా పనులు క్లుప్తంగా. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ) 25 శాతం రాయితీ కోసం మార్చిలో సభ్యులకు ఫారాలు నింపిపెట్టాం. రెండో గల్లీ మురికి కాలువ పూడిక తీయించాం. నల్లా నీళ్ళ సమయం మార్చమన్న అడుగుడు అట్లనే ఉంది. వినాయకుడి చందాలు, బతుకమ్మ ఖర్చుల లెక్క నోటీసు బోర్డు మీద ఉంది.

పిటిషన్ పెట్టినవాళ్ళకు చివరగా ఒక మాట. తీర్పు వచ్చేదాకా పన్ను కట్టకుండా కూర్చోవద్దు. 2022లో బకాయిల వడ్డీ 90 శాతం మాఫీ చేశారు, మళ్ళీ చేస్తారులే అని కొందరు అంటున్నారు. ఆ ఆశతో ఉంటే నెలకు 2 శాతం వడ్డీ నెత్తిన పడుతుంది. కొత్త ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ. కట్టిన రసీదు జిరాక్స్ ఒకటి మీ ఫైలులో పెట్టడానికి కోశాధికారికి ఇవ్వండి. కొలతలు ఇంకా సరిచూసుకోని ఇళ్ళవాళ్ళు ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు నోటీసు తీసుకుని రండి, మాస్టారు ఉంటారు.

ప్రధాన కార్యదర్శి