చలికాలపు స్టౌట్ అమ్మకంపై ఫిర్యాదు: ఇప్పటికైనా జవాబు ఇవ్వండి

టెక్సాస్‌లో బీరు తయారుచేసే బ్రూవరీ యజమానులకు,

విషయం: డబ్బు కట్టి ఆర్డరు ఖాయం చేసుకున్న నా స్టౌట్ (నల్లటి, ఘాటైన బీరు) సీసాలను వేరొకరికి ఇచ్చేయడం, ఆ తర్వాత మీ సిబ్బంది నా ఫిర్యాదును పట్టించుకోకపోవడం గురించి.

అమ్మా, అయ్యా,

మీరిద్దరూ తెలుగువారు, నేనూ తెలుగువాణ్ణి. ఇంగ్లిషులో రాసిన ఈమెయిళ్లన్నీ మీ సహాయ విభాగం గడప దాటలేదు. అందుకే ఈసారి మీ పేరున, తెలుగులో, కాగితం మీద రాసి పంపిస్తున్నాను. మీ సంస్థలో దీన్ని చదవగలిగింది మీరే కాబట్టి, మధ్యలో మరొకరు తెరిచి, నంబరు వేసి, మూసేయడానికి వీలుండదు.

నాకు రావలసిన సొమ్ము పెద్దది కాదు. రెండు సీసాలు, ఒక్కొక్కటి 28 డాలర్లు. అంత మాత్రానికి ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. డబ్బు తీసుకుని, సరుకు వేరొకరి చేతిలో పెట్టి, ఇదేమిటని అడిగితే వారాల తరబడి ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ నన్ను తిప్పారు. నా కడుపు మండుతున్నది అందుకు.

జరిగింది చెబుతాను. శుక్రవారం ఉదయం 10 గంటలకు మీ అమ్మకం మొదలవగానే ఆర్డరు పెట్టాను. కార్డు మీద డబ్బు తీసుకున్నారు, క్యూఆర్ కోడుతో ఈమెయిలు వచ్చింది. శనివారం మధ్యాహ్నం మీ ట్యాప్‌రూముకు (బ్రూవరీలోనే బీరు పోసి అమ్మే గదికి) వచ్చి వరుసలో నిలబడ్డాను. నా ముందున్న వ్యక్తి తన ఫోనులో కోడుల ఫొటోలు ఒకదాని వెంట ఒకటి బొటనవేలితో జరుపుతూ చూపిస్తున్నాడు. ఒక్కో కోడు కింద ఒక్కో పేరు. మీ కౌంటరులో ఉన్న కుర్రవాడు తల పైకెత్తకుండా స్కాన్ చేస్తూనే ఉన్నాడు. గుర్తింపు కార్డు అడగలేదు. ఈ పేర్లన్నీ ఎవరివని అడగలేదు. అట్టపెట్టెలు తోపుడుబండి మీదికి ఎక్కాయి, చాలకపోతే ఇంకో బండి తెప్పించుకున్నాడు. ఆ తర్వాత నా వంతు వచ్చింది. స్కాన్ చేస్తే ఎర్ర గీత పడింది. ‘మీ ఆర్డరు ఇప్పటికే తీసుకెళ్లారు’ అన్నాడు. ఎవరు తీసుకెళ్లారు? నేను ఇక్కడే నిలబడి ఉన్నానే! నా డ్రైవింగ్ లైసెన్సు బల్ల మీద పెట్టాను. దాన్ని చూడనైనా చూడలేదు. ‘కంప్యూటర్‌లో అలా ఉంది’ అన్నాడు.

మేనేజరును పిలవమన్నాను. ఆవిడ వచ్చి, రద్దీగా ఉంది కాబట్టి ఈమెయిలు పంపమన్నారు. రద్దీ అన్న మాట నిజమే. కానీ నా సీసాలు ఎవరు పట్టుకెళ్లారో చెప్పగలిగిన సిబ్బంది, కెమెరాలు, కంప్యూటర్లు అన్నీ ఆ క్షణాన ఆ గదిలోనే ఉన్నాయి. ఆ అయిదు నిమిషాలు వెచ్చించి ఉంటే ఈ ఉత్తరం పుట్టేది కాదు.

ఈమెయిలు పంపాను. ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని వెంటనే యంత్రం జవాబిచ్చింది. కొన్ని రోజులకు ఒక మనిషి రాశారు. ఆర్డరు నంబరు చెప్పమన్నారు. ఆ నంబరు నా ఈమెయిలు మొదటి వరుసలోనే ఉంది. మళ్లీ పంపాను. ‘సమస్య పరిష్కారమైంది’ అని రాసి ఫిర్యాదు మూసేశారు. ఏం పరిష్కరించారని అడిగితే కొత్త నంబరు ఇచ్చి, కథ మొదటి నుంచి చెప్పమన్నారు. ఫోను చేస్తే మీ దగ్గరున్న యువతి, ఆన్‌లైన్ అమ్మకం చూసేది వేరే సంస్థ కాబట్టి వారినే అడగాలన్నారు. వారిని అడిగితే, కోడు చెల్లిందో లేదో చూడడం వరకే తమ పని, సరుకు ఇచ్చింది బ్రూవరీ కాబట్టి బ్రూవరీనే అడగాలన్నారు. మళ్లీ మీకు ఫోను చేశాను. ఈసారి మాట్లాడిన వ్యక్తి, నా కోడు నేనే ఎవరికో ఇచ్చి ఉంటానన్నాడు. అడిగినవాడిదే తప్పన్నట్టు! ఆ కోడు నా ఫోను దాటి ఎక్కడికీ వెళ్లలేదని, కావాలంటే ఆ రోజు కౌంటరు దగ్గరి కెమెరా చూడమని చెప్పాను. ‘అది నా పరిధిలో లేదు’ అని లైను మార్చాడు. పాట మోగింది. చాలాసేపు మోగి ఆగిపోయింది.

చివరికి మీ నుంచి ఒక కానుక వచ్చింది: టీషర్టుల మీద 15 శాతం తగ్గింపు కూపను. అది చూసి నాకు కలిగిన అవమానం చిన్నది కాదు. నాకు మీరు బాకీ ఉన్నారు, దాన్ని తీర్చే బదులు మరికాస్త ఖర్చు పెట్టమంటున్నారు.

అదే వారంలో మీ స్టౌట్ సీసాలు ఫేస్‌బుక్‌లోని ఒక రహస్య బృందంలో అమ్మకానికి కనిపించాయి. ఒక్కోటి 140 డాలర్లు. ఫొటోలో అట్టపెట్టెల మీద మీ పేరున్న టేపు కూడా చింపలేదు. ఆ ఫొటో మీకు పంపాను. ‘మా ప్రాంగణం దాటాక సరుకు ఏమవుతుందో మా బాధ్యత కాదు’ అని ఒక్క వాక్యం రాశారు, కింద ఎవరి పేరూ లేదు. సినిమా విడుదల రోజు బుకింగ్ కిటికీ మూసేసి, అదే టిక్కెట్లు పక్క సందులో బ్లాకులో అమ్మించిన థియేటర్లను మనం చూసి పెరిగాం. ఆ మేనేజర్లూ ఇదే మాట చెప్పేవారు.

సరుకు తక్కువగా ఉండడం మీద నాకు ఫిర్యాదు లేదు. బర్బన్ విస్కీని కొత్త ఓక్ పీపాల్లోనే ఊరబెట్టాలని అమెరికా చట్టం. అందుకే ఒకసారి వాడిన పీపాలు మీలాంటి బ్రూవరీలకు దొరుకుతున్నాయి, మీ స్టౌట్ ఊరేది వాటిలోనే. మంచి పీపాలు ఎన్ని దొరికితే అంతే బీరు, నెలల తరబడి ఊరాల్సిందే. పైగా స్టౌట్ ఘాటైనది, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. హాప్స్ పువ్వుల వాసన కొద్ది వారాల్లోనే తగ్గిపోయే ఐపీఏ రకం బీరును దాచి అమ్ముకోవాలంటే దళారికి నష్టభయం ఉంటుంది, మీ స్టౌట్‌తో ఆ భయం లేదు. మీరు ఏ బీరు మీద ఎక్కువ జాగ్రత్త పడాలో మీకు నాకన్నా బాగా తెలుసు. తెలిసీ, దాన్నే మీ అమ్మకాలన్నిటిలోకీ అజాగ్రత్తగా అమ్మారు.

చేతిలో లేని పని అని దయచేసి చెప్పవద్దు. బెల్జియంలో వెస్ట్‌వ్లెటరెన్ ఊరి దగ్గరున్న సెయింట్ సిక్స్టస్ మఠం సన్యాసులు చాలా ఏళ్లు తమ బీరును మఠం దగ్గరే అమ్మేవారు. ముందుగా ఫోనులో మాట్లాడి, కారు నంబరు రాయించుకుని, చెప్పిన సమయానికి వెళ్లి తెచ్చుకోవలసి వచ్చేది. సొంత వాడకానికే తప్ప మళ్లీ అమ్మడానికి వీల్లేదన్నది వారి షరతు. 2018లో నెదర్లాండ్స్‌లోని ఒక సూపర్ మార్కెట్ సంస్థ ఆ సీసాలను ఎలాగో సంపాదించి, మఠంలో రెండు యూరోలలోపు ఉండే సీసాను 10 యూరోలకు అమ్మితే సన్యాసులు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2019లో ఆన్‌లైన్ పద్ధతికి మారారు, కానీ ఎవరు కొంటున్నారో చూడడం మానలేదు. కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీ తన ‘ప్లినీ ది యంగర్’ను చాలా ఏళ్లు కుళాయి నుంచి గ్లాసుల్లో మాత్రమే పోసింది. ఇంటికి పట్టుకెళ్లేందుకు ఏమీ ఇవ్వకపోతే బయట అమ్ముకోవడానికీ ఏమీ మిగలదు. వెర్మాంట్‌లోని ఆల్కెమిస్ట్ బ్రూవరీ అయితే, ‘హెడీ టాపర్’ కోసం వచ్చే కార్లతో ఇరుగుపొరుగు ఇబ్బంది పడుతున్నారని 2013లో తన వాటర్‌బరీ దుకాణాన్నే మూసేసింది. తమ వల్ల ఎవరు బాధపడుతున్నారో వీళ్లంతా ముందు పట్టించుకున్నారు. ఈబే కూడా, ‘సీసా సేకరణ కోసమే’ అనే నెపంతో నడిచే బీరు అమ్మకాలకు 2012లో తలుపులు మూసింది. మీకేం అడ్డం వచ్చింది?

వేగంగా నొక్కినవాడికే సీసా అనే పద్ధతి వల్ల గెలిచేది ఎక్కువ ఖాతాలు, ఎక్కువ ఫోనులు ఉన్నవాడే. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఉదయం 10 గంటలకు నిద్రపోతున్న నర్సుకు మీ స్టౌట్ ఎప్పటికీ దొరకదు. మూడు రోజుల పాటు పేర్లు తీసుకుని లాటరీ వేస్తే వేగంతో పని లేదు. లాటరీలో వచ్చిన పేరుకూ, తీసుకెళ్లే మనిషి గుర్తింపు కార్డుకూ పొంతన ఉంటేనే సీసా ఇవ్వండి. కొంత బీరును ట్యాప్‌రూములోనే గ్లాసుల్లో పోయండి. ధర పెంచేస్తే దళారి పోతాడని కొందరంటారు. దళారి పోతాడేమో గానీ, మామూలు జీతగాడూ అతనితో పాటే పోతాడు. ఆ మార్గం పట్టవద్దని నా విన్నపం.

మీ దగ్గర నేను ఎప్పటి నుంచి కొంటున్నానో మీ పుస్తకాల్లో చూడండి. టెక్సాస్‌లో బ్రూవరీ నుంచి బీరు ఇంటికి తీసుకెళ్లే వీలు 2019 సెప్టెంబరు 1న మొదలైంది. అన్ని రాష్ట్రాలకన్నా ఆఖరున! కొద్ది నెలలకే కొవిడ్ వచ్చి ట్యాప్‌రూములు మూతపడ్డాయి. అప్పుడు మీ గేటు బయట కార్లలో కూర్చుని కేన్లు తీసుకెళ్లిన వాళ్లలో నేనున్నాను. ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉన్న మిత్రులకు ‘మనవాళ్ల బ్రూవరీ, నిలబెట్టుకోవాలి’ అని చెప్పి తీసుకొచ్చాను. మా అపార్టుమెంట్లలో సంక్రాంతికైనా, పుట్టినరోజుకైనా మీ బీరే వచ్చేది. ఆ రోజుల్లో మీ ఇద్దరిలో ఒకరు గేటు దగ్గర నిలబడి, మాస్కు వేసుకుని, ప్రతి కారు కిటికీలోకి వంగి ‘బాగున్నారా?’ అని అడిగేవారు. ఆ పలకరింపు నేను మరిచిపోలేదు. ఇప్పుడు మీ సంస్థలో మనిషి గొంతు వినాలంటే పాట మోగి ఆగిపోయేదాకా ఎదురుచూడాలా?

ఇంతకాలం ఓర్చుకున్నాను కాబట్టి ఇక దాచకుండా చెబుతాను. అదే 2019 చట్టం ప్రకారం ఒక మనిషికి రోజుకు 288 ఔన్సులకు మించి బీరు ఇంటికి ఇవ్వకూడదు. మీ అరలీటరు సీసాల్లో లెక్క వేస్తే 17. నా ముందున్న వ్యక్తి రెండు బండ్ల మీద తోసుకెళ్లింది 17 సీసాలు కాదు, మీ కౌంటరు కెమెరాయే దానికి సాక్షి. కాగితం మీద పేర్లు ఎన్ని ఉన్నా సరుకు అందుకున్న చేతులు రెండే. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం టెక్సాస్‌లో నేరమని మీకు తెలుసు. ఆ రోజు ఏం జరిగిందో రాష్ట్రంలో మద్యం అమ్మకాలను నియంత్రించే ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్ అడిగితే మీ మేనేజరు ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి. వినియోగదారులను మోసగించే వ్యాపార పద్ధతుల మీద ఈ రాష్ట్రంలో 1973 నుంచే చట్టం ఉంది. దాని కింద అటార్నీ జనరల్ కార్యాలయానికి ఇవ్వవలసిన ఫిర్యాదు నా బల్ల మీద సిద్ధంగా ఉంది. కార్డు సంస్థ ద్వారా నా డబ్బు వెనక్కి తెప్పించుకోవడం అన్నిటికన్నా సులువు. అయినా ఇప్పటివరకు అది చేయలేదు. చేస్తే మీ కంప్యూటర్‌లో ఈ ఫిర్యాదు మళ్లీ ‘పరిష్కారమైంది’ అని మూతపడుతుందని నాకు తెలుసు.

నా డబ్బు తిరిగి ఇవ్వండి, లేదా సీసాలు ఇవ్వండి, ఏదైనా సరే. కానీ నా కోడును ఎవరు వాడారో, నేను అడిగినప్పుడు కెమెరా ఎందుకు చూడలేదో మీ ఇద్దరిలో ఒకరు సొంతంగా రాసి, సంతకం పెట్టి పంపాలి. వచ్చే ఏడాది స్టౌట్‌ను ఏ పద్ధతిలో అమ్మబోతున్నారో కూడా అందులో చెప్పాలి. రెండు వారాలు చూస్తాను. జవాబు రాకపోతే నా సభ్యత్వం రద్దు చేసుకుంటాను, పైన చెప్పిన రెండు కార్యాలయాలకూ కాగితాలు వెళతాయి, నేను మీ దగ్గరికి తీసుకొచ్చిన మిత్రులందరికీ ఈ ఉత్తరం ప్రతి వెళుతుంది.

ఆర్డరు ఈమెయిలు, నిర్ధారణ కోడు, మీ సిబ్బంది జవాబులు, ఫేస్‌బుక్ ఫొటో జతచేశాను. టీషర్టు కూపను కూడా తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
మీ ట్యాప్‌రూము పాత సభ్యుడు